సూర్యుడే దీపంగా పగడాల అక్వేరియం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. ఏం రాద్దామా అని ఆలోచిస్తుంటే, ఎనిమిదో తరగతిలో మేము చేసిన ఒక పాపం గుర్తుకొచ్చింది.

అప్పుడు మేము గదిలో ఆరుగురం. ఒక ఆదివారం పొద్దున కాలువలో పది పరిగె పిల్లలను పట్టి, ఖాళీ పచ్చడి సీసాలో నీళ్ళు పోసి వేశాం. చీకటి మూలన పెడితే అందం కనిపించడం లేదని, ఎండ పడే కిటికీ గట్టు మీద పెట్టాం. సీసా దీపంలా వెలిగింది. చేపలు వెండి ముక్కల్లా మెరిశాయి. ఆ ఆనందంలో బట్టలు ఉతుక్కోవడానికి వెళ్ళాం. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి చూస్తే పదీ వెల్లకిలా తేలి ఉన్నాయి. సీసా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. వంట చేసే అక్క చూసి, "ఎండలో పెడితే నీళ్ళు కాగుతాయని తెలియదా నాయనా?" అంది.

అక్క అన్న ఆ ఒక్క మాటకు వెనుక పెద్ద లెక్క ఉందని ఎమ్మెస్సీకి వచ్చాక తెలిసింది. యూనివర్సిటీ లైబ్రరీలో సముద్రపు అక్వేరియంల గురించి చదువుతున్నప్పుడు, కొన్ని దేశాల్లో కొందరు తమ ఇళ్ళలో పెద్ద తొట్లు కట్టి, వాటిలో బతికున్న పగడాలను పెంచుతారని, కరెంటు దీపాలకు బదులు ఎండనే వాడటానికి ప్రయత్నిస్తారని చదివాం. వాళ్ళ సమస్యా మా పచ్చడి సీసా సమస్యా ఒక్కటే అని అర్థమైంది. వెలుగు కావాలి, వేడి వద్దు. కానీ రెండూ కలిసే వస్తాయి. ఈ ముడిని ఎలా విప్పుతారో తెలుసుకుంటే మన భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం నాలుగూ ఒకే తొట్టిలో కనిపిస్తాయి. అందుకే ఈ వ్యాసం.

పగడం అంటే ఏమిటి?

పగడం అనగానే మనకు ఉంగరంలో ఎర్రని రాయి గుర్తుకొస్తుంది. నిజానికి పగడం జంతువు. సీలెంటరేటా వర్గంలో ఆంథోజోవా తరగతికి చెందినది. ఒక్కొక్క పాలిప్ చిన్న సంచిలా ఉంటుంది. నోటి చుట్టూ స్పర్శకాలు ఉంటాయి. అది తన అడుగున కాల్షియం కార్బొనేట్‌తో, అంటే మన సున్నపురాయిలో ఉండే పదార్థంతోనే, గూడు కట్టుకుంటుంది. ఇలాంటి లక్షల పాలిప్‌లు వేల సంవత్సరాలు కట్టిన గూళ్ళే పగడపు దిబ్బలు. మన పాఠ్యపుస్తకాల్లో వీటినే ప్రవాళ భిత్తికలు అంటారు.

మరి జంతువుకు వెలుగు ఎందుకు? దిబ్బలు కట్టే పగడాల కణాల్లోపల జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. అవి కిరణజన్య సంయోగక్రియ జరిపి, తాము తయారుచేసిన ఆహారంలో 90 శాతం వరకు పగడానికి ఇవ్వగలవు. పగడం వాటికి నీడనూ, కార్బన్ డై ఆక్సైడ్‌నూ, నత్రజని ఉన్న వ్యర్థాలనూ ఇస్తుంది. ఇదే సహజీవనం. పగలు సున్నపు గూడు కట్టే పని కూడా చాలా జాతుల్లో రాత్రి కంటే వేగంగా సాగుతుంది. కాబట్టి పగడపు తొట్టిలో వెలుగు అలంకారం కాదు, అది అన్నం.

అయితే ఈ కాపురం చాలా సున్నితమైనది. నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం తనలోని శైవలాలను బయటికి వెళ్ళగొడుతుంది. రంగు పోయి తెల్లగా అవుతుంది. దీనినే పగడాలు తెల్లబారడం అంటారు. వేడి త్వరగా తగ్గితే మళ్ళీ కోలుకోవచ్చు. తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది. 1998లో మొదటిసారి ప్రపంచమంతటా ఇలా జరిగింది. లక్షదీవులూ, అండమాన్ దీవులూ కూడా దెబ్బతిన్నాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ఇటువంటి నాలుగో ప్రపంచవ్యాప్త ఘటనను ప్రకటించారు.

ఎండలో ఎంత వెలుగు ఉంది?

నిర్మలమైన మధ్యాహ్నం ఆరుబయట వెలుగు సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. మనం చదువుకునే గదిలో 300 నుంచి 500 లక్స్ ఉంటే బాగుందనుకుంటాం. అంటే బయటి ఎండ మన గది వెలుగుకు రెండు వందల రెట్లకు పైనే. మన కన్ను వెలుగుకు తగ్గట్టు సర్దుకుంటుంది కాబట్టి ఆ తేడా మనకు అంతగా తెలియదు.

మొక్కలకు, శైవలాలకు లక్స్ సరైన కొలత కాదు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యం ఉన్న ఫోటాన్లు సెకనుకు ఒక చదరపు మీటరు మీద ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టాలి. ఈ లెక్కలో మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 2000 మైక్రోమోళ్ళు. తొట్లలో పెంచే చాలా పగడాలకు 100 నుంచి 400 మైక్రోమోళ్ళు సరిపోతాయి.

రోజు మొత్తానికి కూడా లెక్క వేద్దాం. దీపం కింద 300 మైక్రోమోళ్ళ చొప్పున 10 గంటలు వెలుగు ఇస్తే:

300 × 36,000 సెకన్లు = 1,08,00,000 మైక్రోమోళ్ళు, అంటే సుమారు 11 మోళ్ళు.

నిర్మలమైన రోజున ఆరుబయట ఎండ మొత్తం సుమారు 40 మోళ్ళు ఉంటుంది. అంటే ఎండలో నాలుగో వంతు చాలు. మిగిలిన మూడు వంతులు పగడానికి అవసరం లేదు. సూర్యుడితో వచ్చే ఇబ్బంది వెలుగు చాలకపోవడం కాదు, ఎక్కువ కావడం. ఇది మొదట గుర్తుంచుకోవాలి.

ఎండ ఉచితమని ఎందుకు ఆశపడతారో కూడా చూద్దాం. 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపం సుమారు 36,000 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. ఒక చదరపు మీటరు మీద పడే మధ్యాహ్నపు ఎండ లక్ష ల్యూమెన్లు, అంటే అలాంటి దీపాలు దాదాపు మూడు. మూడు దీపాలు రోజుకు 10 గంటలు వెలిగితే 12 యూనిట్లు, నెలకు 360 యూనిట్లు. మన పాత 40 వాట్ల ట్యూబులైట్లు ముప్ఫై ఒకేసారి వెలిగించినట్టు! ఇప్పటి ఎల్‌ఈడీ దీపాలు కరెంటు బాగా తక్కువ తీసుకుంటాయి కానీ, పెద్ద తొట్టికి అవి కూడా ఖర్చే.

ఎండలో ఎంత వేడి ఉంది?

ఇప్పుడు అక్క మాటకు వద్దాం. మధ్యాహ్నం నేరుగా పడే ఎండ శక్తి చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. ఇందులో కంటికి కనిపించే కాంతి సగానికి కొంచెం తక్కువ. దాదాపు సగం పరారుణ కిరణాలు. అతినీలలోహిత కిరణాలు కొద్ది శాతమే. పరారుణం పగడానికి ఏ విధంగానూ ఆహారం కాదు, ఒట్టి వేడి. కనిపించే కాంతి కూడా రాళ్ళ మీద, ఇసుక మీద పడి చివరకు చాలావరకు వేడిగానే మారుతుంది.

ముందు మా సీసా సంగతి. ఎండకు ఎదురుగా ఉన్న దాని వైశాల్యం సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు, అంటే 0.02 చదరపు మీటర్లు. అంటే 20 వాట్లు. గంటకు 72 కిలోజౌళ్ళు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 4.2 కిలోజౌళ్ళు కావాలి. ఎండలో సగమే నీటిలో నిలిచిందనుకున్నా గంటకు 8 డిగ్రీలు పెరుగుతుంది! కొంత వేడి గాలిలోకి పోయినా, రెండు మూడు గంటల్లో ఆ పిల్లల పని అయిపోయింది. పైగా నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. మంచినీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు కరిగితే, 35 డిగ్రీల దగ్గర 7 మిల్లీగ్రాములే. వేడికి చేప ఎక్కువ ఊపిరి పీల్చాలి, నీటిలోనేమో ఊపిరి తక్కువ. అలా రెండు వైపుల నుంచీ చంపాం.

ఇప్పుడు పెద్ద ఇంటి తొట్టి. పొడవు 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు, నీటి లోతు 0.75 మీటరు అనుకుందాం. అందులో 1500 లీటర్లు పడతాయి. పైన పూర్తి ఎండ తగిలితే:

వచ్చే శక్తి = 2 చదరపు మీటర్లు × 1000 వాట్లు = 2000 వాట్లు
గంటకు = 7200 కిలోజౌళ్ళు
సముద్రపు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి (కిలోకు సుమారు 4 కిలోజౌళ్ళు) = 6000 కిలోజౌళ్ళు
కాబట్టి గంటకు పెరిగే వేడి = 1.2 డిగ్రీలు

సీసాతో పోలిస్తే ఇది చాలా నయం. లోతు ఎక్కువ కాబట్టి వైశాల్యంతో పోల్చినప్పుడు నీరు ఎక్కువ. ఎండ అక్వేరియం పెద్దదిగా ఉండాలనడానికి కారణం ఇదే. అయినా నాలుగు గంటల్లో దాదాపు 5 డిగ్రీలు! పొద్దున 26 డిగ్రీలు ఉన్న నీరు మధ్యాహ్నానికి దాదాపు 31కి చేరుతుంది. సముద్రంలో వారాలు పట్టే హాని తొట్టిలో రోజుల్లోనే జరగవచ్చు. అదే పైన 75 శాతం నీడ ఇచ్చే షేడ్ నెట్ కట్టితే, గంటకు పెరిగేది 0.3 డిగ్రీ మాత్రమే. ఇందాక వెలుగు లెక్కలో పగడానికి నాలుగో వంతు చాలని చూశాం కదా. వెలుగు లెక్క, వేడి లెక్క రెండూ ఒకే జవాబు దగ్గర కలిశాయి.

ఏ ఊరిలో ఎంత ఎండ?

ఎండతో పగడాలు పెంచాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇండోనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఈ పని చేశారు. ఆయన వాడినవి మూడే మూడు. సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్ళు, సన్నని గాలి బుడగలు, సూర్యకాంతి. రాళ్ళలో ఉండే బాక్టీరియా నీటిని శుభ్రం చేస్తుంది, బుడగలు నీటిని కదిలిస్తాయి, ఎండ ఆహారం ఇస్తుంది. 1961లో అమెరికా అక్వేరియం పత్రికలో ఆయన తన పద్ధతిని వివరించారు. దానికి ప్రకృతి పద్ధతి అని పేరు వచ్చింది.

చల్లని దేశాల్లో మాత్రం ఈ పద్ధతి అప్పట్లో అంతగా నిలవలేదు. అక్షాంశాలు చూస్తే ఒక కారణం తెలుస్తుంది. జకార్తా భూమధ్యరేఖకు 6 డిగ్రీల దక్షిణాన ఉంది. ఏడాది పొడవునా పగలు దాదాపు 12 గంటలు. లండన్ 51.5 డిగ్రీల ఉత్తరాన ఉంది. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజం నుంచి 15 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, పగలు 8 గంటలు కూడా ఉండదు. అందుకే ఐరోపాలో పగడాలు పెంచేవారు 1970, 1980 దశకాల్లో శక్తిమంతమైన దీపాల వైపు వెళ్ళారు.

ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో 1987లో ప్రారంభించిన గ్రేట్ బారియర్ రీఫ్ అక్వేరియంలో పగడాల తొట్టి 25 లక్షల లీటర్లది. అది ఇల్లు కాదు, ప్రజలు చూసే చోటు. కానీ దాని పైన కప్పు లేదు, ఆకాశమే. 2021లో పునర్నిర్మాణం కోసం మూసేవరకు పగడాలు అక్కడ ఎండలోనే పెరిగాయి. టౌన్స్‌విల్ 19 డిగ్రీల దక్షిణాన ఉంది. మన హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. భూమధ్యరేఖకు అటు వాళ్ళు, ఇటు మనం, దాదాపు సమాన దూరంలో ఉన్నాం. వాళ్ళకు దొరికే ఎండ మనకూ దొరుకుతుంది.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 2008లో కొత్త భవనంలో తెరిచిన స్టైన్‌హార్ట్ అక్వేరియంలో 25 అడుగుల లోతు, సుమారు 8 లక్షల లీటర్ల పగడాల తొట్టి ఉంది. దానికి పైకప్పు అద్దాల గుండా ఎండ వస్తుంది. కానీ ఆ ఊరు దాదాపు 38 డిగ్రీల ఉత్తరాన ఉంది, తొట్టి లోతు కూడా ఎక్కువ. అందుకే ఎండకు తోడు దీపాలు పెట్టారు. అంటే ఎండ వాడాలా, దీపం వాడాలా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. ఊరి అక్షాంశం, తొట్టి లోతు, మబ్బులు, ఇవన్నీ చూసి నిర్ణయించాలి.

ఇంట్లోకి ఎండను తెచ్చే దారులు

మొదటిది కిటికీ. ఇది తేలిక, కానీ మంచిది కాదు. కిటికీ ఎండ పక్క నుంచి, ఉదయమో సాయంత్రమో కొద్ది గంటలే వస్తుంది. సముద్రంలో పగడానికి వెలుగు పైనుంచి వస్తుంది. పక్క నుంచి వస్తే పగడం ఒక వైపే పెరుగుతుంది, ఎండ తగిలే అద్దం మీద నాచు పడుతుంది.

రెండోది పైకప్పులో అద్దం. తొట్టికి సరిగ్గా పైన కప్పు తెరిచి గాజు వేస్తారు. ఇక్కడ మనం చదువుకున్న వక్రీభవనం సాయానికి వస్తుంది. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు పతన కోణం 60 డిగ్రీలు. నీటి వక్రీభవన గుణకం 1.33 కాబట్టి నీటిలో కిరణం లంబానికి 41 డిగ్రీల కోణంలోకి వంగుతుంది. అంటే ఎండ వాలినా నీటిలో కొంత నిలువుగానే దిగుతుంది. ఆ కోణంలో నీటి ఉపరితలం సుమారు 6 శాతం కాంతినే వెనక్కి పంపుతుంది. సూర్యుడు బాగా కిందికి, 10 డిగ్రీల ఎత్తుకు దిగితే మాత్రం మూడో వంతుకు పైగా పరావర్తనం చెందుతుంది. అందువల్ల తొట్టికి పనికొచ్చే ఎండ ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకే అనుకోవాలి.

మూడోది కాంతి గొట్టం. మిద్దె మీద పారదర్శకమైన గోపురం, దాని కింద లోపలి వైపు అద్దంలా మెరిసే లోహపు గొట్టం, చివర తొట్టి పైన కాంతిని పరిచే పలక. కిరణం గొట్టం గోడలకు తగులుతూ కిందికి వస్తుంది. గోడ 98 శాతం పరావర్తనం చేస్తే పదిసార్లు తగిలాక 82 శాతం మిగులుతుంది. గోడ 90 శాతమే పరావర్తనం చేస్తే పదిసార్లకు 35 శాతమే మిగులుతుంది. చూడటానికి రెండు గొట్టాలూ మెరుస్తూనే ఉంటాయి. ఎనిమిది శాతం తేడా పదిసార్లు గుణించేసరికి సగానికి పైగా పోయింది. గొట్టం నిటారుగా, పొట్టిగా, వెడల్పుగా ఉండాలనడం ఇందుకే. 53 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టం నోటి వైశాల్యం 0.22 చదరపు మీటర్లు. నడినెత్తి ఎండ దానిలోకి 22,000 ల్యూమెన్లు పంపుతుంది. దారిలో సగం పోయినా 11,000 మిగులుతాయి. కాబట్టి పెద్ద తొట్టికి ఒక్క గొట్టం చాలదు.

నాలుగోది మిద్దె మీదే షెడ్డు వేసి, షేడ్ నెట్ కింద తొట్టి కట్టడం. మన కూరగాయల నర్సరీల్లో చూసే పచ్చని వలే. వేడి దేశాలకు ఇదే అన్నిటికంటే చవక. హైదరాబాదులో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా వెళతాడని, డిసెంబరులో దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడని గుర్తుంచుకోవాలి. అందువల్ల ఏడాదంతా ఒకే వల, ఒకే చోట కట్టి ఊరుకుంటే కుదరదు.

స్విచ్ లేని దీపం

మేము చదివిన వాటిలో మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇది. దీపానికి స్విచ్ ఉంది, సూర్యుడికి లేదు. దీపాల తొట్టిలో కరెంటు పోతే దీపమూ ఆగుతుంది, దాని వేడీ ఆగుతుంది. ఎండ తొట్టిలో ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు పోతే పంపులు ఆగుతాయి, ఫ్యాన్లు ఆగుతాయి, సూర్యుడు మాత్రం ఆగడు. నీరు కదలదు, ఆక్సిజన్ తగ్గుతుంది, వేడి గంటకు గంటకు పెరుగుతుంది. మా సీసా కథే పెద్ద ఎత్తున మళ్ళీ జరుగుతుంది. కాబట్టి ఎండను వాడేవాడు స్విచ్ తానే తయారుచేసుకోవాలి. చేత్తో లాగితే మూసుకునే వల, వేడి పెరిగితే మోగే అలారం, పంపులకు బ్యాటరీ, ఇవి ముందు పెట్టుకుని, ఆ తర్వాతే పగడం తెచ్చుకోవాలి.

వేడి తగ్గించడానికి మన కుండ నేర్పే పద్ధతి ఉంది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2400 కిలోజౌళ్ళు తీసుకుంటుంది. తొట్టి మీద ఫ్యాను గాలికి 10 లీటర్లు ఆవిరైతే 24,000 కిలోజౌళ్ళు పోతాయి. 1500 లీటర్ల తొట్టి 4 డిగ్రీలు చల్లబడుతుంది. కానీ గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్ళలో ఇది బాగా పనిచేయదు. మన కూలర్లు విశాఖలో కంటే హైదరాబాదులో బాగా పనిచేసినట్టే. ఇంకొక సంగతి, నీరే ఆవిరవుతుంది కానీ ఉప్పు ఆవిరి కాదు. రోజుకు 10 లీటర్ల చొప్పున వారం రోజులు నీరు పోయకపోతే లీటరుకు 35 గ్రాములు ఉన్న ఉప్పు దాదాపు 37కు చేరుతుంది. అందుకే తగ్గినంత మేర శుద్ధిచేసిన మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు.

ఎండకు కూడా అలవాటు కావాలి. దీపాల కింద పెరిగిన పగడాన్ని ఒక్కసారిగా ఎండలో పెడితే తెల్లబారుతుంది. మొదట ఎక్కువ పొరల వల కట్టి, వారాల తరబడి ఒక్కొక్క పొర తీస్తూ రావాలి. ఆ సమయంలో పగడం తన శైవలాల సంఖ్యనూ, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలనూ సర్దుకుంటుంది.

రంగు సంగతి కూడా ఉంది. నీరు ఎరుపు కాంతిని త్వరగా శోషిస్తుంది, నీలాన్ని లోతుకు వెళ్ళనిస్తుంది. సముద్రంలో పది మీటర్ల లోతున పగడానికి నీలి వెలుగే ఎక్కువ. ముప్పాతిక మీటరు తొట్టిలో ఎరుపు కూడా చాలావరకు అడుగుదాకా వస్తుంది. అందువల్ల ఎండ తొట్టి నీలంగా కాక కొంచెం పసుపుగా కనిపిస్తుంది. నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఎక్కువైతే ఆ వెలుగుకు నాచు విపరీతంగా పెరుగుతుంది. నాచు పెరిగితే ఎండను తిట్టకుండా నీటిని శుభ్రం చేసుకోవాలి.

ఇక మబ్బుల రోజులు. బాగా ముసురు పట్టినప్పుడు వెలుగు పదో వంతుకు కూడా పడిపోవచ్చు. కొద్ది రోజులు పగడం తట్టుకుంటుంది, ఎందుకంటే అది స్పర్శకాలతో సూక్ష్మజీవులను పట్టి కూడా తింటుంది. వారాల ముసురుకు మాత్రం తోడు దీపం ఉండాలి.

మరి మన సంగతి?

ఇదంతా చదివి ఎవరైనా తమ్ముడు పగడం కొనడానికి బయలుదేరతాడేమో, ఆగండి. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. అది న్యాయమే అని మేము అనుకుంటున్నాం. మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షదీవులు, అండమాన్ నికోబార్, మన దేశంలో ముఖ్యమైన పగడపు దిబ్బలు ఉన్నవి ఈ చోట్లే.

మన తెలుగు తీరానికి అంత పొడవు ఉన్నా అలాంటి పెద్ద దిబ్బలు ఎందుకు లేవు? దానికి కూడా ముఖ్యమైన కారణం వెలుగే. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు నీటిని మసక చేస్తుంది, ఎండ లోతుకు దిగదు. నదుల మంచినీరు ఉప్పదనాన్ని కూడా తగ్గిస్తుంది. మన పొలాలకు అన్నం పెట్టిన ఒండ్రే పగడానికి అన్నం లేకుండా చేసింది.

పగడం లేకుండానే ఈ పాఠమంతా హాస్టల్ మిద్దె మీద చేసి చూడవచ్చు. ఒకే రకం గాజు సీసాలు మూడు తీసుకోండి. ఒక్కొక్కదానిలో ఒకే కొలత నీరు పోసి, చిటికెడు వంట సోడా వేసి, ఒకే పొడవు హైడ్రిల్లా కొమ్మను తలకిందులుగా ఉంచండి. మొదటిది పూర్తి ఎండలో పెట్టండి. రెండోదాని పైన తెల్లని పంచె ఒక పొర పందిరిలా కట్టండి. మూడోది ఎండలోనే పెట్టి, కింది సగానికి తడిగుడ్డ చుట్టి, ఆరకుండా చూడండి. సైన్సు సారును అడిగి థర్మామీటరు తెచ్చుకుని, అరగంటకొకసారి వేడి ఎంతో, నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నాయో పట్టికలో రాయండి. బుడగలు వెలుగును చెబుతాయి, థర్మామీటరు వేడిని చెబుతుంది. ఏ సీసాలో వేడి తక్కువై బుడగలు బాగా ఉన్నాయో చూడండి. ఎండలో ఉన్న రెండు గుణాలను మీరే విడదీసి చూసినవాళ్ళవుతారు. చేపలను మాత్రం అందులో వేయకండి. ఆ ప్రయోగం మేము చేసేశాం.

మా ఇళ్ళలో అక్వేరియం ఎప్పుడూ లేదు. పగడపు దిబ్బను కళ్ళతో చూసిందీ లేదు. అయినా ఆ తొట్టి గంటకు ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో కాగితం మీద చెప్పగలుగుతున్నామంటే, అది మీరు ఇప్పుడు చదువుతున్న తొమ్మిది, పది తరగతుల పుస్తకాల్లో ఉన్న లెక్కే. విశిష్టోష్ణం, గుప్తోష్ణం, వక్రీభవనం, కిరణజన్య సంయోగక్రియ, ఇవి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నలని అనుకుని వదిలేయకండి. ఆ రెండు మార్కులు ఆ ఆదివారం మాకు తెలిసి ఉంటే పది పరిగె పిల్లలు బతికేవి.

ఎండ అందరికీ సమానంగా పడుతుంది. దానిలో ఎంత కావాలో, ఎంత వద్దో తెలుసుకోవడమే చదువు. మీరంతా బాగా చదివి, మాకంటే పై మెట్టు ఎక్కాలని మనసారా కోరుకుంటూ సెలవు.